జీపీఎస్ ఆలస్యంలో తేమ లెక్క, రాడార్‌లో వాన జాడ: ఉత్తరాంధ్ర భారీ వర్షాలను ఎంత ముందుగా పట్టగలం?

సెప్టెంబరు వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫోన్లకు అలర్టులు మొదలవుతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం, అది వాయుగుండంగా మారింది, ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్. ఆ తర్వాత రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "రెడ్ అలర్ట్ అన్నారు, చినుకు పడలేదు" అని ఒకరు. "ఇంత వాన పడుతుందని ఎవరూ చెప్పలేదు, తెల్లారేసరికి గెడ్డ పొంగి చేను మునిగింది" అని ఇంకొకరు. ఇద్దరూ పక్కపక్క మండలాల వాళ్లే అయి ఉంటారు.

2021లో ఈ రెండు అనుభవాలూ రెండు నెలల తేడాలో ఎదురయ్యాయి. సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, కుంభవృష్టి కురిసింది. డిసెంబరు మొదటి వారంలో జవాద్ ఉత్తరాంధ్ర వైపే వస్తోందన్నారు. కోతల వేళ కావడంతో రైతులకు ఒకటే టెన్షన్. అది సముద్రంలోనే బలహీనపడి పూరీ వైపు మళ్లిపోయింది.

ఇప్పుడు మిషన్ మౌసమ్ పేరుతో కేంద్రం కొత్త రాడార్లు, సూపర్ కంప్యూటర్ల గురించి చెబుతోంది. 2024 సెప్టెంబరులో దీనికి 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 2025 మే 26న ఆరు కిలోమీటర్ల గడులతో లెక్కలు వేసే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను ప్రారంభించారు. వీటితో పాటే "జీపీఎస్ సిగ్నళ్లతో వానను పసిగట్టవచ్చు" అనే మాట కూడా తరచూ వినబడుతోంది. దారి చూపించే జీపీఎస్‌కి, వానకి సంబంధం ఏమిటి? రాడార్ ఉండగా అది ఎందుకు? రెండూ కలిస్తే మన జిల్లాలకు నిజంగా ఒరిగేదెంత?

అలర్ట్‌లో ఉన్న మాటలకు అర్థం

వాతావరణ శాఖ లెక్కలో రోజు అంటే ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర వరకు. ఆ 24 గంటల్లో ఒకచోట 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ వర్షం. 204.5 లేదా అంతకు మించితే అత్యంత భారీ వర్షం. ఎకరం చేనులో 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే నాలుగు లక్షల లీటర్ల నీరు దిగిందన్నమాట.

ఇంకో మాట "ఒకటి రెండు చోట్ల". ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని దీని అర్థం. శ్రీకాకుళం జిల్లాలో 30 మండలాలు. మండలానికో కేంద్రం ఉందనుకుంటే, "ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అన్న అంచనా ఏడు మండలాల్లో పడినా నిజమే, ఒక్క మండలంలో పడినా నిజమే. మిగతా 29 మండలాల వాళ్లకు అది తప్పిన జోస్యంలాగే కనిపిస్తుంది. అంచనా అబద్ధం కాకపోయినా, వరి కుప్ప ఎప్పుడు వేసుకోవాలో తేల్చుకోవాల్సిన రైతుకు అది అక్కరకు రాదు. ఏ మండలంలో, ఏ పూట, ఎంత అన్నదే అతనికి కావాలి. సమస్య అంతా అక్కడే ఉంది.

మోడల్‌కు తెలియనిది మొదటి క్షణమే

ఈ రోజుల్లో అంచనా అంటే కంప్యూటర్ మోడల్. వాతావరణాన్ని చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో గాలి వేగం, ఉష్ణోగ్రత, పీడనం, తేమ ఎంత ఉన్నాయో పెట్టి, భౌతికశాస్త్ర సూత్రాలతో వచ్చే గంటలకు లెక్క కడుతుంది. సూత్రాలు చాలావరకు గట్టివే. లెక్క మొదలుపెట్టే క్షణానికి ఏ గడిలో ఏముందో సరిగ్గా తెలియకపోవడంతోనే చిక్కు వస్తుంది. ముఖ్యంగా తేమ. గాలి, పీడనం వందల కిలోమీటర్ల పరిధిలో నెమ్మదిగా మారతాయి. తేమ అలా కాదు, పదీ ఇరవై కిలోమీటర్లలోనే, గంటా రెండు గంటల్లోనే మారిపోతుంది.

దాన్ని కొలవడానికి పాత నమ్మకమైన పద్ధతి బెలూన్. విశాఖపట్నం నుంచి రోజుకు రెండుసార్లు, తెల్లవారి ఐదున్నర, సాయంత్రం ఐదున్నర వేళల లెక్కకు అందేలా పరికరం కట్టిన బెలూన్‌ని వదులుతారు. అది పైకి వెళ్తూ ఏ ఎత్తులో ఎంత తేమ ఉందో పంపిస్తుంది. మధ్యలో పన్నెండు గంటలు ఖాళీ. ఉదయం తొమ్మిదికి సముద్రం మీది నుంచి తేమ గాలి లోపలికి రావడం మొదలై, మధ్యాహ్నం మూడుకి నెల్లిమర్ల మీద మబ్బు కట్టి, నాలుగుకి కుండపోత పడిందనుకోండి. ఆ కథ మొత్తం రెండు బెలూన్ల మధ్యే జరిగిపోతుంది.

ఉపగ్రహాలున్నాయి కదా అనవచ్చు. 2016లో పంపిన ఇన్‌శాట్-3డీఆర్, 2024లో పంపిన ఇన్‌శాట్-3డీఎస్ మన ప్రాంతాన్ని ఎప్పుడూ చూస్తూనే ఉంటాయి. కానీ వాటి ఇన్‌ఫ్రారెడ్ కంటికి దట్టమైన మబ్బు పైభాగమే కనబడుతుంది. కింద ఏముందో చెప్పడం కష్టం. మనకు తేమ వివరం బాగా అవసరమయ్యేది సరిగ్గా మబ్బు పట్టినప్పుడే.

సర్వేయర్ తీసేసేది, వాతావరణ శాఖకు కావలసినది

భూముల రీసర్వేలో సిబ్బంది కర్ర మీద చిన్న పరికరం పెట్టుకుని చేల గట్ల మీద తిరగడం మన పల్లెల్లో చాలామంది చూశారు. దాన్ని రోవర్ అంటారు. కొద్ది సెంటీమీటర్ల తేడాలో హద్దు చెప్పాలంటే రోవర్ ఒక్కటే చాలదు. ఏదో ఒక భవనం మీద కదలకుండా పగలూ రాత్రీ ఉపగ్రహ సంకేతాలు అందుకునే స్టేషన్ ఒకటి దానికి తోడు ఉండాలి. వాటిని కార్స్ స్టేషన్లంటారు. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా ఇలాంటివి వెయ్యికి పైగా పెట్టింది. ఈ స్టేషన్లే వానకూ పనికొస్తాయి.

జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, మన నావిక్ కూడా ఈ కోవలోవే. రిసీవర్ చేసే పని సంకేతం ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరం లెక్క కట్టడం. శూన్యంలో సంకేతం కాంతి వేగంతో వస్తుంది. గాలిలోకి దిగాక కొంచెం మందగిస్తుంది. నిట్టనిలువుగా వచ్చే సంకేతం కూడా సముద్రమట్టం దగ్గర మొత్తం మీద రెండున్నర మీటర్ల దూరానికి సరిపడా ఆలస్యమవుతుంది. కాలంలో చెబితే సెకనులో వంద కోట్లో వంతులు ఎనిమిదో తొమ్మిదో.

మొత్తం మీద సంకేతం ఆలస్యానికి మూడు కారణాలు. చాలా పైన, విద్యుదావేశ కణాలతో నిండి ఉండే అయనోవరణం ఒకటి, ఇది పై రెండున్నర మీటర్లకు అదనం. రెండు వేర్వేరు పౌనఃపున్యాల్లో సంకేతం తీసుకుంటే దీన్ని తీసివేయవచ్చు. రెండోది పొడి గాలి బరువు. నేల మీద పీడనం తెలిస్తే దీన్ని కచ్చితంగా లెక్క కట్టవచ్చు. మిగిలింది నీటి ఆవిరి వల్ల వచ్చినది. సర్వేయర్‌కు ఇదంతా వదిలించుకోవాల్సిన దోషం. వాతావరణ నిపుణుడు ఆ దోషాన్నే కావాలంటాడు. 1992లో అమెరికా పరిశోధకులు ఈ ఆలోచనకు పక్కా పద్ధతి ఇచ్చారు.

అంకెల్లో చూద్దాం. ఉదాహరణకు కల్పించిన అంకెలివి. ఉదయం తొమ్మిదికి శ్రీకాకుళంలోని ఒక స్టేషన్‌లో అయనోవరణం వాటా పోగా మొత్తం ఆలస్యం 2.60 మీటర్లు. నేల మీద పీడనం 1000 మిల్లీబార్లు. ఆ పీడనానికి పొడి గాలి వాటా దాదాపు 2.277 మీటర్లు. తీసేస్తే 0.323 మీటర్లు, అంటే 323 మిల్లీమీటర్లు ఆవిరి వాటా. మన వేడి వాతావరణంలో దాన్ని సుమారు 0.16తో గుణిస్తే నిలువు గాలి స్తంభంలో ఉన్న ఆవిరంతా నీరైతే ఎంత మందం కడుతుందో వస్తుంది: 52 మిల్లీమీటర్లు. మధ్యాహ్నం పన్నెండుకి ఆలస్యం 2.65 మీటర్లకు పెరిగింది, పీడనం అంతే. ఇప్పుడు తేమ 60 మిల్లీమీటర్లు. మూడు గంటల్లో ఎనిమిది పెరిగింది. వెయ్యి చదరపు కిలోమీటర్ల మీద అదే పెరుగుదల ఉంటే, కంటికి కనబడకుండా 80 లక్షల టన్నుల నీరు గాలిలో వచ్చి చేరినట్టు. ఆకాశం అప్పటికి నీలంగానే ఉండవచ్చు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది, మబ్బు పట్టినా, వాన దంచుతున్నా కొలత ఆగకపోవడం. మన ఫోన్‌లోని జీపీఎస్‌కి ఇంత నాణ్యత ఉండదు, దీనికి సర్వే స్థాయి రిసీవర్ కావాలి. అది ఉంటే కొన్ని నిమిషాలకోసారి, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాలో తేమ తెలుస్తుంది.

దీనికి పరిమితులూ ఉన్నాయి. తేమ మొత్తం ఎంతో చెబుతుంది గానీ ఏ ఎత్తులో ఎంతో చెప్పదు. అంతకన్నా ముఖ్యం, గాలిలో 60 మిల్లీమీటర్ల తేమ ఉందంటే 60 మిల్లీమీటర్ల వాన పడుతుందని కాదు. వానాకాలంలో మన తీరం మీద అంత తేమ ఉండి కూడా చినుకు రాలని రోజులు ఎన్నో. మరో రోజు అదే 60తో 200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఎందుకంటే చుట్టుపక్కల నుంచి తేమ గాలులు అక్కడికి వచ్చి కలుస్తూ, పైకి లేస్తూ ఉంటాయి. ఆ కలయిక ఎక్కడ జరుగుతోందో చూపాలంటే రాడార్ కావాలి.

రాడార్ ఏం చూస్తుంది, ఏం చూడదు

మన రెండు జిల్లాలకు పెద్ద దిక్కు విశాఖ కైలాసగిరి మీది డాప్లర్ రాడార్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటేటప్పుడు ఆ గాలికి అదే దెబ్బతింది. ఉత్తరాన ఒడిశాలో గోపాల్‌పూర్ రాడార్ ఉంది.

రాడార్ తరంగాలను పంపుతుంది, చినుకులకు తగిలి వెనక్కి వచ్చినదాన్ని కొలుస్తుంది. వచ్చిన బలాన్ని డీబీజెడ్ అనే అంకెలో చెబుతారు. రంగు రంగుల రాడార్ బొమ్మల్లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అన్నీ ఈ అంకెలే. ప్రసిద్ధమైన ఒక సూత్రం ప్రకారం 40 డీబీజెడ్ అంటే గంటకు సుమారు 11 మిల్లీమీటర్ల వాన, 50 అంటే 49 మిల్లీమీటర్లు. కొలతలో మూడు డీబీజెడ్ అటూ ఇటూ అయితే? 47కి 32 మిల్లీమీటర్లు, 53కి 75. చిన్న పొరపాటు వాన లెక్కలో రెట్టింపుకు మించిన తేడా తెస్తుంది. అందుకే రాడార్ లెక్కను నేల మీది వర్షమాపకాలతో సరిచూస్తూ ఉండాలి.

డాప్లర్ అన్న మాటకు అర్థం, చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నది కూడా తెలుస్తుందని. గాలులు ఎదురెదురుగా వచ్చి కలిసే చోటు దీనివల్ల బయటపడుతుంది.

చూడనిది ఏమిటంటే, భూమి గుండ్రంగా ఉండడం వల్ల రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి పైకి లేచిపోతుంది. అర డిగ్రీ వాలుతో బయలుదేరిన కిరణం విజయనగరం మీద, కైలాసగిరి నుంచి సూటిగా 40 కిలోమీటర్ల దూరంలో, సుమారు అర కిలోమీటరు ఎత్తులో పోతుంది. శ్రీకాకుళం మీదికి వచ్చేసరికి కిలోమీటరు దాటుతుంది. ఇచ్ఛాపురం 200 కిలోమీటర్ల పైమాటే, అక్కడ నాలుగు కిలోమీటర్ల పైన పోతుంది. కింద జరిగేదేదీ విశాఖ రాడార్‌కు తెలియదు. ఇచ్ఛాపురానికి గోపాల్‌పూర్ దగ్గర కాబట్టి ఆ లోటు తీరుతుంది. పడమట సాలూరు, పార్వతీపురం వైపు తూర్పు కనుమలు ఉన్నాయి. కొండ అడ్డొస్తే దాని వెనక భాగం నీడలో పడినట్టే.

ఇంకొకటి, రాడార్‌కు కనిపించేది చినుకు అయ్యాకే. ఆవిరిగా ఉన్నంతకాలం అది రాడార్‌కు లేనట్టే లెక్క.

రెండూ ఎందుకు కలవాలి

కొలతలను మోడల్‌లో కలిపే పనిని డేటా అసిమిలేషన్ అంటారు. మోడల్ చెప్పినదాన్ని కొట్టేసి కొలతను పెట్టేయడం కాదిది. రెండింటిలోనూ తప్పు ఉండవచ్చు కాబట్టి, ఎవరి మాట ఎంత నమ్మదగినదో చూసి తూకం వేస్తారు. పై ఉదాహరణనే తీసుకుంటే, మధ్యాహ్నం పన్నెండుకి మోడల్ ఇంకా 52 మిల్లీమీటర్ల తేమే ఉందనుకుంటోంది, దాని తప్పు అయిదు వరకు ఉండవచ్చు. జీపీఎస్ 60 అంటోంది, దాని తప్పు రెండు. తప్పు ఎక్కువైన కొద్దీ విలువ తగ్గేలా తూకం వేస్తే ఫలితం 59 దగ్గర తేలుతుంది. అలాగే చుట్టుపక్కల గడులను కూడా దూరాన్ని బట్టి కొంత సవరిస్తారు.

ఇక రాడార్ డేటా ఒక్కటే కలిపితే ఏమవుతుందో చూడండి. గజపతినగరం మీద వాన పడుతోందని రాడార్ చెప్పింది, మోడల్‌లో అక్కడ వాన పెట్టారు. కానీ మోడల్ గాలి అక్కడ పొడిగా ఉంది. పెట్టిన చినుకులు ఆవిరైపోతాయి, మబ్బుకు తిండి దొరకదు, గంటా రెండు గంటల్లో మోడల్ ఆ వానను మర్చిపోతుంది. జీపీఎస్ తేమ ఒక్కటే కలిపితే మబ్బుకు సరుకు ఉంటుంది, కానీ అది ఎక్కడ లేవాలో మోడల్‌కు తెలియక, పక్క మండలంలో కురిపించవచ్చు. రెండూ కలిసినప్పుడు సరుకూ ఉంటుంది, లేచే చోటూ తెలుస్తుంది. ఈ విషయం మీద నేను చదివినదంతటిలో అసలు సారం ఇదే అనిపిస్తుంది.

ఇది ఊహ దశలో ఉన్న సంగతేమీ కాదు. జపాన్‌లో దాదాపు 1,300 జీపీఎస్ స్టేషన్ల వల ఉంది. భూకంపాల కోసం, భూమి కదలికల కోసం వేసిన ఆ వల నుంచి తేమ లెక్కలు తీసి 2009 నుంచి అక్కడి వాతావరణ సంస్థ తన మోడల్‌లో వాడుతోంది. ఫ్రాన్స్, బ్రిటన్ అంతకన్నా ముందే మొదలుపెట్టాయి. అమెరికాలో గంటగంటకూ కొత్తగా లెక్క వేసే మోడల్ రాడార్ డేటాను తీసుకుంటుంది. మన వాతావరణ శాఖకూ జీపీఎస్ తేమ స్టేషన్లు ఉన్నాయి, రాడార్ డేటాను మోడళ్లకు ఇవ్వడమూ జరుగుతోంది. మనకు లోటు ఎక్కువగా సాంద్రతలో ఉంది.

నిపుణుల్లో భిన్నాభిప్రాయాలు

దీని మీద అందరిదీ ఒకే మాట కాదు. జీపీఎస్ స్టేషన్లు చవక అనేది ఒక వాదన. రాడార్‌కు కోట్లు అవుతాయి, రిసీవర్ లక్షల్లో వస్తుంది, పైగా భూసర్వే కోసం పెట్టినవి ఇప్పటికే ఉన్నాయి. వాటికి పీడనం కొలిచే పరికరం జోడించి, డేటా నిమిషాల్లో వాతావరణ శాఖకు చేరేలా చేస్తే చాలంటారు.

దీనికి ఎదురుగా ఉన్న వాదనా బలమైనదే. మన వాన తేమ వచ్చేది బంగాళాఖాతం నుంచి. నేల మీద ఎన్ని స్టేషన్లు పెట్టినా, తేమ తీరం దాటాకే వాటికి తెలుస్తుంది. అప్పటికి వానకు మిగిలింది కొద్ది గంటలే. జపాన్‌కూ ఇదే ఇబ్బంది ఎదురైంది. 2020 జులైలో క్యుషు దీవిలో సముద్రం మీది నుంచి వచ్చిన తేమతో కుమా నది పొంగినప్పుడు, అంత దట్టమైన వల ఉండి కూడా ఆ స్థాయి వానను ముందుగా పట్టలేకపోయారు. ఆ తర్వాత ఓడల మీద జీపీఎస్ రిసీవర్లు పెట్టి సముద్రం మీది తేమ కొలవడం మొదలుపెట్టారు. సముద్రానికి ఇంకో దారి కూడా ఉంది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం, భూమి అంచు చాటున అస్తమిస్తున్న జీపీఎస్ ఉపగ్రహం సంకేతం వాతావరణంలో ఎంత వంగిందో చూసి ఎత్తుల వారీగా వివరాలు తీస్తుంది. 2019 జూన్‌లో తైవాన్, అమెరికా కలిసి పంపిన ఆరు ఉపగ్రహాలు ముఖ్యంగా మనలాంటి ఉష్ణమండలం మీదే ఈ పని చేస్తున్నాయి. కాకపోతే ఒకే చోటు మీద పదేపదే కొలతలు రావు.

మోడల్‌నే బాగుచేయాలి అనేది మూడో మాట. కొలతలు ఎంత బాగున్నా, ఆరు కిలోమీటర్ల గడిలో రెండు మూడు కిలోమీటర్ల మబ్బు పూర్తిగా ఇమడదు. తేమను తొందరపడి పెంచితే మోడల్ లేని వానలు కురిపించే ప్రమాదం కూడా ఉంది. కొన్ని సందర్భాల్లో ఈ డేటా వల్ల అంచనా బాగుపడింది, కొన్నిట్లో పెద్ద తేడా రాలేదు. నాలుగైదు రోజుల ముందు అంచనాకు దీనివల్ల దాదాపు ఏమీ ఒరగదు. జవాద్ ఎటు మళ్లుతుందన్నది తేల్చేది వేల కిలోమీటర్ల పరిధిలో వీచే గాలులు. రాడార్ డేటా ప్రభావం కొద్ది గంటలు, జీపీఎస్ తేమది అంతకన్నా కొంత ఎక్కువ, మహా అయితే ఒక రోజు.

అయినా ఈ కొద్ది గంటలే మన దగ్గర చాలా విలువైనవని నా అభిప్రాయం. కారణం మన నదులు.

నలభై కిలోమీటర్ల తేడా, వేరే నది

గోదావరికి వరద వస్తోందంటే భద్రాచలంలో మట్టం చూసి కింది వాళ్లు సర్దుకునే వ్యవధి ఉంటుంది. వంశధార, నాగావళి చిన్న నదులు, ఒడిశా కొండల్లో పుట్టి వాలు మీద పరుగెత్తుకొస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటలను గాలి కూల్చింది. ఒడిశా కొండల్లో పడిన వాన వంశధారకు వరదై దిగింది.

ఒక లెక్క వేద్దాం. వంశధార మీది గొట్టా బ్యారేజీకి ఎగువన వెయ్యి చదరపు కిలోమీటర్ల మీద 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 60 శాతం నదిలోకి చేరిందనుకోండి. మూడు కోట్ల ఘనపు మీటర్లు, అంటే ఒక టీఎంసీకి కొంచెం ఎక్కువ. అది ఆరు గంటల్లో వస్తే ప్రవాహం దాదాపు 49 వేల క్యూసెక్కులు.

ఇప్పుడు అదే వాన మోడల్‌లో కొంచెం పడమటికి జరిగిందనుకోండి. వంశధార ఒడ్డున గుణుపూర్ ఉంటుంది, నాగావళి ఒడ్డున రాయగడ. రెండింటి మధ్య సూటి దూరం 40 కిలోమీటర్లు. తుపాను అంచనాలో 40 కిలోమీటర్ల పొరపాటు చాలా చిన్నది, దాన్ని మంచి అంచనా అనే అంటారు. ఇక్కడ మాత్రం ఆ కాస్త తేడాతో గొట్టాకు రావలసిన 49 వేల క్యూసెక్కులు నాగావళి మీది తోటపల్లి బ్యారేజీకి వస్తాయి. హిరమండలంలో గొట్టా గేట్లు ఎత్తి కాచుకున్న రాత్రి, వరద పాలకొండ వైపు దిగుతుంది.

ఆ పరీవాహక ప్రాంతమే విశాఖ, గోపాల్‌పూర్ రాడార్లు రెండింటికీ దూరం. రాయగడ రెంటి నుంచీ సుమారు 150 కిలోమీటర్లకు పైన ఉంది. అక్కడికి చేరేసరికి కిరణం దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, మధ్యలో కనుమలు. కొండవాలుకు తగిలి కింది మబ్బుల నుంచి పడే వానలో చాలా భాగం దాని కిందే కురిసిపోతుంది. జీపీఎస్ రిసీవర్‌కు ఈ అడ్డు లేదు, అది పైకి చూస్తుంది. రాయగడ, గుణుపూర్, కాశీనగర్ వరసలో తేమ కొలిచే స్టేషన్లు దట్టంగా ఉండి, వాటి డేటా వెంటవెంటనే విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రానికి, అమరావతి వాతావరణ కేంద్రానికి అందే మోడల్‌లో కలిస్తే, తేమ ఏ లోయలో పోగవుతోందో వాన మొదలవకముందే కనబడుతుంది. గొట్టా, తోటపల్లి ఇంజనీర్లకు కావలసింది ఆ వివరమే: ఏ నది, ఎన్ని గంటల్లో.